దాహానికిచ్చిన నీళ్లు

పోయిన వారం పెద్దక్కను మనం ఆసుపత్రి లాండ్రీలో, డ్రయ్యర్ల వెనకాల, మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడకు లేవడానికీ ముఖం చెల్లడం లేదు, అలాగే ఉండటానికీ వీల్లేదు. వ్యవహారం అక్కడిదాకా ఎలా వచ్చిందో, మరిచిపోయినవాళ్ల కోసమూ, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసమూ ఓసారి చెప్పుకుందాం.

పెద్దక్క ఆ లాండ్రీకి పెద్ద. ఆసుపత్రిలో పరిచే ప్రతి దుప్పటీ ఆవిడ కళ్ల ముందునుంచి వెళ్లాల్సిందే. ఆవిడ తమ్ముడు అద్దాలు కోసి బిగించే పనివాడు. మూడేళ్ల కిందట అతని భార్య, అంటే పెద్దక్క మరదలు, ఉన్నట్టుండి ఇంట్లో కుప్పకూలింది. పక్కింటివాళ్లు అంబులెన్సును పిలిచారు. తమ్ముడు ఆ సమయంలో ఏదో ఎత్తయిన భవనానికి అద్దాలు బిగిస్తూ ఉన్నాడు, ఫోను కింద సంచిలో ఉండిపోయింది. అతను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచి పని చేస్తాడు, తింటాడు, కూతురు చిట్టికి జడ కూడా వేస్తాడు. కానీ ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడు మాత్రం గోడకు ఆనుకుని నేలవైపు చూస్తూ ఉంటాడు. ఒక్క మాట మాట్లాడడు.

వాడికి మళ్లీ పెళ్లి చేస్తే తప్ప ఆ ఇంటికి ప్రాణం రాదని పెద్దక్క తీర్మానించేసుకుంది. పిల్లను మాత్రం దేవుడే చూపించాలంది. అందుకు గుర్తు కూడా తనే పెట్టింది. బైబిల్లో, యజమాని కొడుక్కి పిల్లను వెతుకుతూ బావి దగ్గర నిలబడ్డ సేవకుడి కథ ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. అడిగినవాడికే కాక అతని ఒంటెలకు కూడా నీళ్లు తోడి పోసిన అమ్మాయే ఆ ఇంటి కోడలైంది. పెద్దక్కకు ఒంటెలు లేవు కాబట్టి గుర్తును కాస్త సవరించుకుంది. "ప్రభువా, నేను నీళ్లడిగినప్పుడు ఇచ్చి, నేను చెప్పకుండానే 'మీతో వచ్చినవాళ్లు తాగారా?' అని ఎవరు అడుగుతారో, ఆవిడే."

ఆ తర్వాత టాక్సీ ఎక్కి, తమ చర్చి సంఘంలోనే ఉన్న పెళ్లికాని టీచరమ్మ ఇంటికి తిన్నగా వెళ్లింది. టీచరమ్మ అంటే ఆవిడకు ముందునుంచీ గురి. నెమ్మదస్తురాలు, చక్కగా పాడుతుంది. టీచరమ్మ నీళ్లయితే ఇచ్చింది, పళ్లెంలో పెట్టి మరీ ఇచ్చింది. బయట ఎండలో ఉన్న టాక్సీ డ్రైవరు ఊసు మాత్రం ఎత్తలేదు. "బయట ఎండ మండిపోతోందమ్మా" అంది పెద్దక్క. "అవునండీ" అంది టీచరమ్మ. "పాపం ఆ టాక్సీ అతను..." అంది పెద్దక్క. "వెయిటింగుకి వేరే తీసుకుంటాడా అండీ?" అంది టీచరమ్మ. దాంతో ఆ కథ ముగిసింది.

మర్నాడు లాండ్రీ వెనక బండ్లు ఆగేచోట పెద్దక్కకు కళ్లు తిరిగాయి. ఎదురుగా ఉన్న అంబులెన్సు డ్రైవరమ్మను నీళ్లడిగింది. ఆవిడ సీసా మూత తీసి చేతికిచ్చి, లోపల మూటలు మోస్తున్నవాళ్లవైపు చూసి, "మీవాళ్లు తాగారా?" అని కేకేసి అడిగింది. ఆ డ్రైవరమ్మను సంఘంలో సైరన్ అంటారు. నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది, పాట పాడితే అందరికన్నా ఒక చరణం ముందుంటుంది. ఒంటరిగా ఉంటుంది, ఎవరికీ జంకదు, ఎవరింటికీ పనిలేకుండా వెళ్లదు. కోడలు కావలసినవాళ్లు కలలో కూడా తలుచుకునే మనిషి కాదు.

పెద్దక్క రోజూ డ్రయ్యర్ల వెనక మోకరించి గొంతెత్తి ప్రార్థన చేసుకుంటుంది. ఆ యంత్రాల హోరులో ఎవరికీ వినపడదని ధీమా. ఆ రోజు కూడా గొంతెత్తింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. డ్రయ్యర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన నిశ్శబ్దంలో ఆవిడ గొంతు ఒక్కటే గంట కొట్టినట్టు వినపడింది.

"ప్రభువా, సైరనా? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా నీకు?"

తలెత్తి చూస్తే, ఉతికిన దుప్పట్ల కోసం వచ్చిన సైరన్ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

పోయిన వారం అక్కడే ఆగాం కదా. ఇక వినండి.

"లేవండి పెద్దక్కా, మోకాళ్లు పట్టేస్తాయి," అంది సైరన్. "లేచి చెప్పండి. దేవుడికి నా మీద ఏం ఫిర్యాదు చేస్తున్నారు?"

"ఫిర్యాదు కాదమ్మాయ్... ప్రార్థన."

"నా పేరుతో మొదలుపెట్టి ఇంకెవరూ దొరకలేదా అని ముగిస్తే దాన్ని ఫిర్యాదే అంటారు మావైపు."

దుప్పట్లు మడతపెడుతున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. పెద్దక్క వాళ్లవైపు ఒక్క చూపు చూసింది. వాళ్లు వెంటనే పనిలో పడ్డారు. చేతులు దుప్పట్ల మీదున్నాయి గానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి. ఇక లాభం లేదని పెద్దక్క సైరన్ చెయ్యి పట్టుకుని దిండు గలీబులు దాచే గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. వేశాక చెప్పక తప్పలేదు. బావి కథనుంచి టీచరమ్మ పళ్లెందాకా మొత్తం చెప్పేసింది.

సైరన్ మొదట నవ్వింది. తలుపు అవతల ఉన్నవాళ్లు కూడా కారణం తెలియకుండానే నవ్వారు. తర్వాత ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నేను నీళ్లిచ్చింది దాహానికి పెద్దక్కా. పెళ్లికి కాదు."

"తప్పుగా అనుకోకమ్మా..."

"అనుకుంటాను. నన్ను పిల్లను చూసినట్టు చూసి, నాకో మాటైనా చెప్పకుండా పరీక్ష పెట్టారు. అందులో నేను పాసైతే మీకు ఏడుపొచ్చింది. ఇందులో నేను మంచిగా అనుకోడానికి ఏముంది?"

ఇంతమంది మీద అజమాయిషీ చేసే మనిషి, గలీబుల మూట అంచు పట్టుకుని చిన్నపిల్లలా పీకుతూ నిలబడింది.

"టీచరమ్మ దగ్గర ఎండ గురించి ఎన్నిసార్లన్నారు?" అని అడిగింది సైరన్.

"రెండు... మూడుసార్లు అని ఉంటాను. కాస్త అందించానంతే."

"పరీక్ష హాల్లో చీటీలందిస్తారు చూడండి, అలాగా? దేవుడికే కాపీ అందించారన్నమాట!" సైరన్ తల పట్టుకుంది. "ప్రశ్నా మీదే, జవాబూ మీదే. మధ్యలో ఆయనకు నోరు విప్పే సందెక్కడిచ్చారు పెద్దక్కా?"

ఆ మాట పెద్దక్కకు సూటిగా తగిలింది. కోపం రావాలి, రాలేదు. ఎందుకంటే అది నిజం. ఆవిడ ప్రార్థన ఎప్పుడూ బజారుకు వెళ్లేవాడికి సామాను చెప్పి పంపినట్టే ఉంటుంది. అది తే, ఇది తే, మరిచిపోకు, దారిలో ఆగకు. చెప్పడం అవగానే ఆమెన్ అని లేచిపోతుంది. ఆయన ఏమన్నాడో వినడానికి కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అయినా ఒక్కమాట చెప్పమ్మాయ్," అంది చివరికి. "నువ్వెందుకడిగావు? మీవాళ్లు తాగారా అని? ఆ మాట ఎవరూ అనరు. మా మరదలొక్కతే అనేది. మా ఇంటికి ఎవరొచ్చినా చేతిలో గ్లాసు పెట్టి, మీతో వచ్చినవాళ్లు తాగారా అని గుమ్మం దాకా వెళ్లి చూసేది. అందుకే ఆ గుర్తు పెట్టాను. అలాంటి పిల్లయితేనే నా తమ్ముడి ఇంట్లో దీపం పెడుతుందనుకున్నాను."

సైరన్ ముఖంలో రంగు మారింది. వెనక్కి జరిగి మూట మీద కూర్చుంది. అంత గొంతున్న మనిషి, వినపడీ వినపడనట్టు మాట్లాడింది.

"నాకది నేర్పింది ఆవిడే పెద్దక్కా. ఆ రోజు బండి నడిపింది నేనే."

గదిలో ఇంకో మూట ఉంటే పెద్దక్క కూడా దాని మీద కూలబడింది.

"రైలు గేటు పడింది," అంది సైరన్. "ముందు బళ్లు, వెనక బళ్లు. కదిలే దారి లేదు. మా అటెండరు ఆవిడకు మాస్కు పెట్టి పక్కన కూర్చున్నాడు. నేను దిగి వెనక తలుపు తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెమటతో తడిసిపోయి ఉన్నాన్నేను. మాస్కు పక్కకు జరిపి, 'నీళ్లు తాగావా? ఆయన తాగాడా?' అని అడిగింది. పోయే ప్రాణంతో మమ్మల్ని అడిగింది పెద్దక్కా! నేనప్పుడు మీ సంఘం మనిషిని కాదు, దేవుడూ లేడు గీవుడూ లేడని తిరిగేదాన్ని. ఆవిడ ముందు నిలబడి నీళ్లు తాగాను. తాగితేనే ఊరుకుంది."

పెద్దక్క కొంగుతో నోరు నొక్కుకుంది.

"తర్వాత ప్రార్థన మొదలుపెట్టింది. బతికించమని అడుగుతుందనుకున్నాను. అంతకుముందే అడిగేసిందేమో, నాకు తెలీదు. నేను విన్నంతసేపూ వందనాలే. వంటగది చీకటిగా ఉంటే మా ఆయన గోడ కొట్టి అద్దాల కిటికీ పెట్టాడు, ఆ వెలుతురుకి వందనాలంది. చిట్టికి వందనాలంది. మా వదినకి వందనాలు ప్రభువా, ఆవిడ కోపానికి కూడా వందనాలు, ఆ కోపం లేకపోతే నాకీ జన్మకి వంట వచ్చేది కాదంది."

పెద్దక్క ఏడుస్తూనే నవ్వింది. "నిజమే. ఉప్పు వేయడం కూడా రాదు దానికి," అని, ఆ ఒక్క మాటతో మూడేళ్లుగా గుండెలో గడ్డకట్టుకుని ఉన్నదంతా కరిగి కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మానేసింది. తను తిట్టిన తిట్లు గుర్తుపెట్టుకుని పోయి ఉంటుందని ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయింది. అది వందనాలు చెప్పి వెళ్లిందట.

"ఆ తర్వాత మాట ఆపేసింది. నాకు భయమేసి, ఏమ్మా, ఏమ్మా అన్నాను. కళ్లు మూసుకునే, 'ఉండు, వింటున్నాను' అంది. గేటు దగ్గర హారన్లు తప్ప నాకేం వినపడలేదు. కాసేపటికి, 'సరే' అంది. నాతో కాదు. ఎవరో ఏదో చెబితే ఒప్పుకున్నట్టు. అంతే పెద్దక్కా. ఆవిడకేం వినపడిందో తెలుసుకోవాలనే నేను మీ సంఘానికి రావడం మొదలుపెట్టాను. ఇప్పటికీ తెలీదు. కానీ రోజూ కాసేపు నోరుమూసుకుని కూర్చోవడం అలవాటైంది. నాలాంటిదానికి అదే పెద్ద అద్భుతం."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ?"

"మీ తమ్ముడి షాపు ముందు ఎన్నిసార్లు బండి ఆపానో! ఆ ముఖం చూసి మళ్లీ బండి కదిలించేసేదాన్ని. చెప్పనా ప్రభువా అని అడుగుతూనే ఉన్నాను. వెళ్లు అన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు నన్ను వేరే ఊరి బండికి మార్చారు, రేపు పొద్దున్నే వెళ్లిపోవాలి. ఇక చెప్పలేనేమో అనుకుంటూ దుప్పట్ల కోసం వచ్చాను." సైరన్ ముక్కు చీదుకుంది. "వస్తే, మీ డ్రయ్యర్లు ఆగిపోయాయి."

తమ్ముడి షాపుకు వెళదాం పద అని పెద్దక్క అంటే, సైరన్ ఒకే ఒక్క షరతు పెట్టింది. పెళ్లి మాట పెద్దక్క నోటినుంచి రాకూడదు. పెద్దక్క సరేనంది. దారి పొడుగునా ఆవిడ పెదాలు బిగబట్టుకుని నడిచిన తీరు చూస్తే పన్ను పీకించుకుని వస్తోందనుకునేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఈ సైరన్ నోటికి అదుపు లేదు, తీరా వెళ్లాక తమ్ముణ్ని "అన్నయ్యా" అని పిలిస్తే? సంఘంలో అందరూ అందరికీ బ్రదరే, ఆ బ్రదర్లకీ సిస్టర్లకీ పెళ్లిళ్లు అవుతూనే ఉంటాయి. అన్నయ్య అంటే మాత్రం ఇక అంతే సంగతులు. అలా అనుకుని, మళ్లీ చీటీ అందిస్తున్నానని గుర్తొచ్చి పెద్దక్క నాలిక్కరుచుకుంది.

తమ్ముడు బల్ల మీద పెద్ద అద్దం పరిచి, స్కేలు ఆనించి గీత గీస్తున్నాడు. అద్దం గీసే చిన్న చక్రాన్ని నూనెలో ముంచి ఒక్క ఊపున లాగాడు. సన్నగా చీరుకుంటున్న చప్పుడైంది. గీత మధ్యలో చెయ్యి ఆపితే అద్దం పాడవుతుంది కాబట్టి, అతను తలెత్తేదాకా ఇద్దరూ గుమ్మంలోనే ఆగారు.

సైరన్ నిలబడే చెప్పింది. గేటు, నీళ్లు, కిటికీ, వందనాలు, ఆ 'వింటున్నాను', ఆ 'సరే'. అన్నయ్యా అనలేదు, బ్రదర్ అనలేదు, ఏమీ అనలేదు. "మీ ఆవిడ" అనే చెప్పింది. పెద్దక్క తమ్ముడి ముఖంకేసి చూడలేక అతని చేతులకేసి చూసింది. ఆ చేతులు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి.

అంతా విన్నాక అతను అడిగింది ఒక్కటే. "భయపడిందా?"

లేదని చెబితే ఎంత హాయి! పెద్దక్కయితే చెప్పేసేది. సైరన్ అబద్ధమాడలేదు.

"గేటు పడ్డప్పుడు భయపడిందండీ. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగేలా. వింటున్నాను అన్నాక ఆ పట్టు వదులైంది. ఆ తర్వాత ఆవిడలో భయం నేను చూడలేదు. ఆసుపత్రి లోపలికి తీసుకెళ్లేదాకా పక్కనే ఉన్నాను. ఆవిడ ఒంటరిగా లేదు."

అతను ఆ మాటను తనలో తను రెండుసార్లు అనుకున్నాడు. "ఒంటరిగా లేదు. ఒంటరిగా లేదు." బల్ల మీద తల వాల్చబోయి, అద్దం ఉందని గుర్తొచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. శవాన్ని చూసిన రోజున కూడా ఏడవని మనిషి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. పెద్దక్క ముందుకు అడుగు వేయబోతే సైరన్ ఆవిడ కొంగు పట్టుకుని ఆపింది.

కాసేపటికి అతను ముఖం తుడుచుకుని ఇటు తిరిగాడు. "వందనాలండీ," అన్నాడు సైరన్‌తో. ఆ మాట అతని నోట విని మూడేళ్లయింది. "నీళ్లు తాగినందుకు కూడా. మీరు తాగకపోయుంటే అది మనసులో పెట్టుకునేది."

సైరన్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. జేబులో ఫోను మోగింది. ఎక్కడో ఎవరికో బండి కావాలట. "రేపు వెళ్లిపోతున్నానండీ. చిట్టికి కిటికీ సంగతి మీరే చెప్పండి," అని రోడ్డుమీదికి పరుగుతీసింది.

షాపులో అక్కాతమ్ముళ్లిద్దరే మిగిలారు. పెద్దక్క నాలుక చివర మాటలు క్యూ కట్టి ఉన్నాయి. రేపే వెళ్లిపోతోందిరా, ఇవాళే అడగరా, ఎంత మంచిదో చూశావుగా, నేను గుర్తడిగితే దేవుడు...

"అక్కా," అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలే? నువ్వడుగు దేవుణ్ని. నీకే కదా చెప్తాడు."

ఇంతకన్నా మంచి అదును జన్మలో దొరకదు. ఒక్క మాట చాలు. పెద్దక్క నోరు తెరిచింది కూడా. తెరిచి, ఆ మాటను అతి కష్టం మీద మింగింది.

"నాకు చెప్పడురా. నేను సందివ్వను కదా ఆయనకి. నువ్వే అడుగు."

అతను ఆవిణ్ని వింతగా చూశాడు. తర్వాత మూలనున్న చీపురు తీసుకుని నేల ఊడ్వడం మొదలుపెట్టాడు. అద్దాల షాపులో ఎక్కడపడితే అక్కడ మోకరిస్తే మోకాళ్లలో రవ్వలు దిగుతాయి. ఓపిగ్గా, మూలమూలలా ఊడ్చి, తడిగుడ్డతో అద్ది, అరచేత్తో తడిమి చూసుకున్నాడు. పక్కన అక్కకు కూడా చోటు చేశాడు.

ఇద్దరూ మోకరించారు. పెద్దక్క "వందనాలు ప్రభువా" అని ఆపేసింది. ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెళ్లి బట్టలు గుర్తొచ్చాయి, పక్కకు తోసింది. సైరన్ ఎక్కే బండి గుర్తొచ్చింది, దాన్నీ తోసింది. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు, ఎదురింట్లో ఎవరో పిల్లల్ని పిలవడం వినిపించాయి. గొంతేదీ వినపడలేదు. కానీ చాలా రోజుల తర్వాత బరువు దించుకుని నీడపట్టున కూర్చున్నట్టు ఒళ్లంతా తేలికైంది. మరదలు తన కోపానికి వందనాలు చెప్పింది. ఆ ఒక్క కబురు ఇచ్చినందుకైనా ఆయన ముందు ఇంకాసేపు నోరు కట్టుకుని ఉండొచ్చనిపించింది.

పక్కన తమ్ముడు చాలాసేపటికి, ఎవరికో జవాబిస్తున్నట్టు, "సరే," అన్నాడు.

లేచి, మోకాళ్లు దులుపుకుని, చొక్కా తగిలించుకున్నాడు. "నేనొచ్చేదాకా షాపు చూస్తూ ఉండక్కా. చిట్టి బడినుంచి వస్తే ఇక్కడే కూర్చోబెట్టు."

"ఎక్కడికిరా?"

అతను అప్పటికే మెట్లు దిగాడు. ఎడమవైపు తిరిగితే అంబులెన్సు డ్రైవర్లు ఉండే ఇళ్లు, నడిచినా ఎంతోసేపు పట్టదు. కుడివైపు రోడ్డు తిన్నగా రైలు గేటుకు పోతుంది. భార్యను తెస్తున్న బండి ఆ గేటు దగ్గరే ఆగిపోయిందని విన్న రోజునుంచి, మూడేళ్లుగా అతను ఆ దారి తొక్కలేదు, ఎంత బరువు అద్దం భుజాన ఉన్నా చుట్టు తిరిగే వెళ్లేవాడు.

అతను కుడివైపు తిరిగాడు.

"ఒరేయ్, అటు కాదురా!" అని అరవడానికి పెద్దక్క గుమ్మంలోకి పరుగెత్తింది. రెండు చేతులతోనూ నోరు మూసుకుని, అతను మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది.